పక్కన గూర్చుండి వినుట

వేసవి వచ్చినదనగా నూజివీటి పేరు పలుచోట్ల వినబడును. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము, సువర్ణరేఖ, కలెక్టరుకాయ అని చెప్పుచుండగనే ఒక్కొక్క రుచి గుర్తునకు వచ్చును. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో నుండి, 2022వ సంవత్సరము ఏప్రిలు నెల మొదలు ఏలూరు జిల్లాలో జేరిన యీ ప్రాంతమును జూడబోయినవారు తోటలను జూతురు, కాయలను జూతురు, కోతకూలీలను, సరకెత్తు లారీలను జూతురు. ఆ తోటల నడుమ నున్న యిండ్లలోని యాడువారి మనస్సులను జూచువారు తక్కువ.

మామిడితోట కాపురము నమ్మకముపై నడచు కాపురము. పుష్యమాఘములలో పూత కనబడును. ఆ పూతను జూచి కొందఱు పరుల తోటను గుత్తకు బుచ్చుకొందురు. కొందఱు సొంత తోటకే యప్పు దెచ్చి మందులు కొట్టింతురు. మంచు పట్టిన పూత మాడును. తేనెమంచు పురుగు తగిలిన పిందె నిలువదు. నిలిచిన కాయయు కోతకు రాబోవువేళ నొక్క యీదురుగాలితో నేలపాలగుట గలదు. కాయ నిలిచి ధర నిలువకపోవుటయు గలదు. ఈ లెక్కలన్నియు మగవారి నోట వినబడును. లెక్క తప్పిన రాత్రి యింటిలో నెవరు నిద్రపోలేదో యెవరును వ్రాసి పెట్టరు.

ఈ నెల మేము వ్రాయదలచినది ఆ నిద్రలేని రాత్రులను గూర్చియు, మనస్సు బరువెక్కినవారితో మాటలాడి తేర్చు విద్యను గూర్చియు. దీనిని నేడు కౌన్సిలింగు అనియు, ఆ పని చేయువారిని కౌన్సిలరు లనియు బిలుచుచున్నారు. ఈ మాట మన సోదరీమణులలో జాలమంది విన్నదే. కాని యా గదిలో నేమి జరుగును, ఎట్లు జరిగిన మేలు కలుగును అను సంగతి యెఱిగినవారు కొలదిమంది.

సలహాలకు కొదువ లేని యిల్లు

ఒక యిల్లాలిని దలచుకొందము. ఇది యే యొక్కరి కథయు గాదు; పలు యిండ్లలో జరుగగల దానిని గూర్చి మేము కల్పించుకొన్న యుదాహరణము. నూజివీటికి జేరువనొక పల్లె. ఆమెకు ముప్పదియైదేండ్లు. గాలికి కాయ రాలినది, అప్పు మిగిలినది. భర్త యింటిలో మాటలాడుటయే తగ్గించినాడు. కూతురు పైచదువునకు బోయెదనని పట్టుబట్టుచున్నది. ఈమెకు తెల్లవారుజామున మూడుగంటలకే మెలకువ వచ్చును. గుండె దడదడ కొట్టుకొనును. అన్నము సహింపదు. చేతులు పని చేయుచునే యుండును గాని మనస్సు దేనియందును నిలువదు. తలనొప్పి యని రెండుమాఱులు మందు దెచ్చుకొన్నది. తలనొప్పి తగ్గలేదు.

సలహాలకు మాత్రము కొదువ లేదు. "ఓర్చుకోవే అమ్మా, ఆడదానికి ఓర్పే బలం" అని తల్లి చెప్పినది. "మా రోజుల్లో ఇంతకంటే పెద్ద గాలివానలు చూశాం" అని అత్తగారు చెప్పినది. "గుడికి పోయిరా వదినా, మనసు కుదుటపడుద్ది" అని పొరుగింటామె చెప్పినది. "బావతో నేను మాట్లాడతాలే అక్కా" అని తమ్ముడు చెప్పినాడు. వీరిలో నెవరును చెడ్డవారు కారు. అందఱును ప్రేమచేతనే చెప్పిరి. కాని యొక్కొక్క సలహాయు నామె నోటికి మూతవలె బడినది. చెప్పదలచినది సగములోనే యాగిపోయినది. కొన్నాళ్లకు, ఎవరడిగినను "ఏం లేదు, బాగానే ఉన్నా" అనుట యామెకు అలవాటైనది.

సలహా యిచ్చుటకు ముందు వినవలెనను సంగతి మన పెద్దలకు దెలియనిది కాదు. తెలిసియు మనమది చేయలేకపోవుటకు గారణ మున్నది. మనకు బ్రియమైనవారి దుఃఖమును జూచుచు నూరకుండుట మనకు గష్టము. ఆ కష్టము తీర్చుకొనుటకే తొందరపడి యొక మంచిమాట యనివేయుదుము. ఆ మాటతో మన బరువు తగ్గును. ఆమె బరువు తగ్గదు.

ఆ గదిలో జరుగునది

ఈ యిల్లాలే యొక మంచి కౌన్సిలరు నొద్దకు బోయినదనుకొందము. కౌన్సిలరు మొట్టమొదట చెప్పవలసినది రహస్యమును గూర్చి. ఇక్కడ మీరు చెప్పినది బయటికి బోదనియు, ఒకరి ప్రాణమునకే యపాయము గలిగినప్పుడు మాత్ర మితరుల సాయము గోరవలసి యుండుననియు ముందుగనే తెలుపవలెను. ఇంటిగుట్టు బయట బడునను భయముతో వచ్చిన స్త్రీకి ఈ మాటయే గడప దాటించును.

తరువాత వచ్చునది ప్రశ్న. "మీకేం జబ్బు?" అని కాదు. "ఏది కొంచెం మారినా మీకు తేలిగ్గా ఉంటుంది?" అని. మొదట నామె "అప్పు తీరాలి" అనును. కౌన్సిలరు అప్పు తీర్పలేరు. ఆ సంగతి యిద్దఱకును దెలియును. అయినను నామె మాటను దోసిపుచ్చక, అప్పులో నామెను బాధించునది యేదో యామెతోగూడ వెదకుదురు. మాటమీద మాట వచ్చి, చివరకు దేలునది వేఱు. అప్పెంత యున్నదో యామెకు దెలియదు. భర్త చెప్పలేదు, ఈమె యడుగలేదు. మూడుగంటలకు లేచి చీకటిలో నామె వేయుచున్నవన్నియు తెలియని యంకెల లెక్కలు. "ఎంతుందో నాకు తెలియాలి. ఒక్కదాన్నే లెక్కలేసుకోవటం మానాలి" అని యామె తన నోటితోనే యనును. ఇక నదియే వారిద్దఱి గురి. కౌన్సిలరు తనంతట నిర్ణయించియున్న "నిద్ర పట్టించుట" యని వ్రాసికొని యుందురేమో! గురి యామెదిగా నుండుటవలననే దాని కొఱకామె శ్రమపడగలదు.

గురి కుదిరిన వెనుక దారి. మనస్సులో వచ్చు తలపులను పుస్తకములో వ్రాయుడని కౌన్సిలరు చెప్పిరనుకొందము. "ఇంట్లో ఎవరన్నా చదివితే?" అని యామె వెనుదీసినది. చెడ్డ కౌన్సిలరు దానిని మొండితన మనును. మంచి కౌన్సిలరు తన యుపాయమును పక్కన బెట్టి, "మీ ఇంట్లో వీలయ్యేది ఏది?" అని యడుగును. భర్తతో మాటలాడుటకు సాయంకాలము తోటకు నడచు వేళయే మేలని యామెకే తోచినది. అడుగదలచిన యొక్క ప్రశ్నను గదిలోనే రెండుమూడు మాఱులు పైకి చెప్పి చూచుకొన్నది. మఱుసటి వారము వచ్చి "అడగలేకపోయానండి" అన్నది. కౌన్సిలరు కోపపడలేదు. "మనం పెట్టుకొన్న మెట్టు ఎత్తయిందేమో, చిన్నది చేద్దామా?" అన్నది. ఆ "మన" మను మాటలోనే యీ విద్య యంతయు నున్నది.

ఇంకొక సంగతి. కౌన్సిలరును మనుష్యుడే, తప్పు చేయును. ఒకనాడు భర్తను గూర్చి యొక కఱుకుమాట నోరుజాఱినదనుకొందము. ఆమె తల వంచుకొని మౌనము వహించినది. ఆ మౌనమును గమనించి, "నా మాట మీకు కష్టం కలిగించిందా?" అని యడుగుట కౌన్సిలరు ధర్మము. "అవునండి. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట నాకు నచ్చలేదు" అని యామె యన్నది. పెద్దల యెదుట నట్లు చెప్పుట యామె జీవితములో నదే మొదలు కావచ్చును. ఎదుటివారు కసరలేదు, పొరపాటొప్పుకొని దిద్దుకొన్నారు. చెప్పిన చుట్టఱిక మేమియు తెగిపోలేదు. ఈ యనుభవము నూఱు సలహాలకన్న విలువైనది. గదిలో నొక్కమాఱు సాధ్యమైనది, తోటదారిలో భర్తతోను, వంటయింటిలో నత్తగారితోను సాధ్యము కాగలదను ధైర్యము దానినుండియే పుట్టును. చికిత్స యనునది వారి మాటలలో మాత్రమే గాక, వారిద్దఱి నడుమ నేర్పడిన నమ్మకములోను గలదని యీ విద్య నెఱిగినవారు చెప్పుట యిందుకే.

ఒక తల్లి నేర్పిన పాఠము

ఈ పద్ధతికి దారి చూపినవారిలో ముఖ్యుడు కార్ల్ రోజర్స్ అను నమెరికా దేశీయుడు. 1902లో బుట్టి 1987లో గతించినాడు. పల్లెటి పొలములో బెరిగి, వ్యవసాయము చదువవలెననియే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మొదట జేరినవాడు. తరువాత మనశ్శాస్త్రమువైపు మరలి, రోచెస్టరు పట్టణమున పండ్రెండేండ్లు చిక్కులలో బడిన పిల్లలకును, వారి తల్లిదండ్రులకును సాయము చేసినాడు.

అక్కడ జరిగిన యొక సంగతి నాతడు తరువాత 1961లో నచ్చయిన తన గ్రంథములో జెప్పుకొనినాడు. అల్లరిపిల్లవాని తల్లి యొకతె వచ్చెడిది. పిల్లవాని నడతకు తల్లి యనాదరమే మూలమని రోజర్స్ తేల్చుకొని, ఆ సంగతి యామెకు దెలియజెప్ప బలువిధముల బ్రయత్నించెను. ఎన్నిమాఱులు కలిసినను ఫలము లేకపోయెను. ఇక చాలింతమని యిద్దఱు నొప్పుకొనిరి. ఆమె లేచి తలుపుదాక బోయి, వెనుదిరిగి, పెద్దవారికి గూడ నిక్కడ సాయము చేయుదురా యని యడిగినది. చేయుదుమనగా మరలి వచ్చి కూర్చుండి, తన కాపురమునందలి వేదనను, భర్తతోడి యెడబాటును, తన యోటమిని వెళ్లబోసికొన్నది. ముందు చెప్పిన మర్యాదకథ వేఱు, ఇది వేఱు. రోజర్స్ ఆనాడు విన్నాడు. తరువాతి దినములలోను వినుటయే యెక్కువగా జేసినాడు. కొంతకాలమునకు కాపురము చక్కబడినది. పిల్లవాని యల్లరియు తగ్గినది.

బాధ యెక్కడ నున్నదో బాధపడువారికే యెక్కువ తెలియును. ఏ దారిని బోవలెనో వారితోగూడ వెదకవలెను. ఇది యాతడా తల్లివలన నేర్చిన పాఠము. 1942లో నచ్చైన పుస్తకమునందే తన యొద్దకు వచ్చువారిని "రోగి" యనుట మానినాడు. 1957లో వ్రాసిన వ్యాసమున, సాయపడువానికి ముఖ్యముగా మూడు గుణములు కావలెననినాడు. నటన లేని నిజాయితీ. ఎదుటివారిని షరతులు లేక గౌరవించుట. వారి కన్నులతో వారి లోకమును జూచి, చూచితినని వారికి దెలియజేయుట. వినుట కివి సులభముగా నుండును. ఒక్క పూట యింటిలో నాచరించి చూచినవారికి వాని కష్టము తెలియును.

1979లో నెడ్వర్డ్ బోర్డిన్ అను వేఱొక పండితుడు, ఏ పద్ధతి చికిత్సకైనను పనికివచ్చునట్లు, ఇద్దఱి నడుమ నుండవలసిన పొత్తును మూడుపాళ్లుగా విభజించెను. గురి యిద్దఱకు నొకటిగా నుండుట, చేయవలసిన పనిలో సమ్మతి కుదురుట, ఒకరిపై నొకరికి నమ్మకముండుట. మనము పైన జెప్పుకొన్న యిల్లాలి కథలో నీ మూడును గలవు. ఈ పొత్తునకును, కలుగు మేలునకును సంబంధమున్నదా యని పెక్కు పరిశోధనలు జరిగినవి. 2018లో అట్టి 295 పరిశోధనలను, 30,000 మందికి మించినవారి యనుభవమును ఒకచోట జేర్చి చూడగా, పొత్తు బలముగా నున్నచోట మేలును ఎక్కువగా గనబడుచున్నదని తేలినది. అది యొక్కటే సర్వమును జేయునని కాదు. చికిత్సలో కొంతపాలు దానిది. అది లేనిచోట మిగిలిన నేర్పులు నిలువవు.

మన చేరువను, దూరమునను

ఇవి పరదేశపు మాటలని కొట్టివేయ నక్కఱలేదు. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ సంస్థకు మొదటి యధ్యక్షురాలైనది. ఆమె నడపిన యా సంస్థయే, ఆమె గతించిన వెనుక, 1983 నుండి కుటుంబ సలహా కేంద్రముల కొఱకు స్వచ్ఛంద సంఘములకు ధనసహాయము జేసినది. కాపురపు చిక్కులతో వచ్చు స్త్రీకి పోలీసు ఠాణాయు, కోర్టును గాక మాటలాడుకొనుట కొక చోటుండవలెనని మన దేశ మెప్పుడో యొప్పుకొన్నది.

నూజివీటికి పొరుగుననే యున్న పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలలో, గడచిన దశకమున నొక ప్రయత్నము జరిగినది. గ్రామమునకు జుట్టమువంటి ఆశా కార్యకర్తలకు శిక్షణ యిచ్చి, ఇల్లిల్లు దిరిగి మనోవ్యథను గూర్చి యడుగుట నేర్పిరి. వ్యథ యెక్కువగా నున్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు నొద్దకు బంపి, తరువాతను వారిని కనిపెట్టుచుండిరి. మనస్సు బాగులేదని చెప్పుట సిగ్గుపడదగినది కాదని యూరివారికి దెలుపుటయు నా పనిలో నొక భాగము.

ఆఫ్రికా ఖండమునందలి జింబాబ్వే దేశమున డిక్సన్ చిబాండా యను మనోవైద్యుడు 2006లో 14 మంది యవ్వలతో నొక పని మొదలిడెను. ఆస్పత్రి యావరణలో నారుబయట నొక చెక్కబల్ల. దానిపై నవ్వయు, బాధపడువారును పక్కపక్కన గూర్చుందురు. మొదట దానికి మానసిక ఆరోగ్యపు బల్ల యని పేరు పెట్టగా నెవరును రాలేదు. స్నేహపు బల్ల యని మార్చుడని యవ్వలే చెప్పిరి. మార్చిన పిమ్మట జనము రాసాగిరి. వారి భాషలో మనోవ్యథను "కుఫుంగిసిస" యందురు. మితిమీఱిన యాలోచన యని దాని యర్థము. "ఆలోచనలు ఎక్కువైనాయి" అని మన యాడువారనునదే యిది! 2016లో నచ్చయిన పరిశోధనలో 573 మందిని పరీక్షింపగా, ఆఱు నెలల తరువాత, అవ్వలతో మాటలాడినవారి బాధ మిగిలినవారికన్న మిక్కిలి తగ్గియుండెను. శిక్షణ పొందిన యవ్వలే యింత చేయగలిగిరన్న, పక్కన గూర్చుండుటలోని బలము మన మూహింపవచ్చును.

ఇచట హద్దులు చెప్పవలెను

వినుటయే యన్నిటికి మందు కాదు. లేని మాటలు చెవిని బడుట, నిష్కారణముగా నందఱిపై ననుమానము, దినముల తరబడి నిద్రలేక తిరుగుట, కాన్పైన తల్లి బిడ్డను జూచి భయపడుట వంటివి కనబడినప్పుడు మనోవైద్యుని జూపవలెను. మందులు వాడవలసిన చోట వాడవలెను. ఇంటిలో దెబ్బలు తినుచున్న స్త్రీకి ముందు కావలసినది రక్షణము. 181 అను సంఖ్యకు ఫోను చేసిన స్త్రీలకు సాయము దొరకును.

తోటలున్న యిండ్లలో పురుగుమందు డబ్బాలుండును. ఇంటిలో నొకరు "నేను లేకుంటే మీకే సుఖం" అనినచో దానిని కోపపుమాటగా దీసివేయరాదు. ఆ డబ్బాలను తాళము వేసి వారికందని చోటికి మార్పుడు. వారి నొంటరిగా విడువకుడు. చచ్చిపోవలెనని యనిపించుచున్నదా యని సూటిగా నడుగుడు. అడిగినంతమాత్రమున లేని తలపు పుట్టదు. ఉన్న తలపు బయటికి వచ్చును. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, ఆత్మహత్యకు బ్రయత్నించినవారిని తీవ్రమైన మనోవేదనలో నున్నవారినిగా భావింపవలెనే గాని శిక్షింపరాదు. కావున కేసు భయముతో నాస్పత్రికి దీసికొనిపోక దాచుట కూడదు. 2022 అక్టోబరు 10న బ్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఖర్చు లేక ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. విజయవాడకో ఏలూరికో బస్సెక్కలేని యిల్లాలి కిది గుమ్మములోని సాయము.

కౌన్సిలరును గోరుకొనునప్పుడు నాలుగు ప్రశ్నలు నిస్సంకోచముగా నడుగుడు. మీరేమి చదివి శిక్షణ పొందితిరి? నా మాట యెవరికి జెప్పుదురు, ఎవరికి జెప్పరు? ఎన్నాళ్లు, ఎంత ఖర్చు? మీ పద్ధతి నాకు సరిపడకున్న మీతో జెప్పవచ్చునా? చివరి ప్రశ్నకు ముఖము చిట్లించువారి యొద్దకు మఱల బోనక్కఱలేదు.

మన చేతిలోని పని

మనమందఱము కౌన్సిలరులము కాలేము, కానక్కఱయు లేదు. కాని కూతురో, కోడలో, తోడికోడలో మాట మొదలిడినప్పుడు పొయ్యి తగ్గించి పక్కన గూర్చుండగలము. ముగియువరకు నడ్డము రాకుండగలము. "ఓర్చుకో" యనుటకు ముందు "నీకెలా ఉంది? నన్నేం చేయమంటావు?" అని యడుగగలము. ఆమె చెప్పినది మఱొక యింటికి మోయకుండగలము. కౌన్సిలరు నొద్దకు బోయెదననిన "నీకేం పిచ్చా?" యనక, బస్సుస్టాండుదాక తోడు పోగలము.

నూజివీటి ప్రాంతపు తోటమాలి కంటు కట్టు పని తెలియును. మొలకను, మంచిజాతి కొమ్మను దగ్గఱకు జేర్చి, చెక్కి, కట్టు కట్టి, నీరు పెట్టి కాచుకొనియుండును. రెంటిని అతికించునది యాతని చేయి గాదు; చెట్టులోని జీవమే. తొందరపడి కట్టు విప్పిచూచిన నంటు చెడును. కట్టనే కట్టకున్న నంటనే యంటదు. మనస్సు నొచ్చినవారి యెడలను మనము చేయదగినది యింతమాత్రమే. దగ్గఱగా నుండుట, నమ్మకమను కట్టు వదలకుండుట, చిగురు వేయువఱకు నోపికతో గనిపెట్టుకొనియుండుట. ఈ యేడు కాయ దిగుచున్న వేళ మన యిండ్లలో నెవరు మాటలాడుట తగ్గించిరో యొక్కమాఱు చూచుకొందము.